జీపు కీళ్లు, గ్రీజు దారి

ఫోర్ వీల్ డ్రైవ్ బండ్ల చరిత్ర చెప్పేవాళ్లు ఇంజను బలం గురించీ, రెండో ప్రపంచ యుద్ధంలో జీపు చూపిన సత్తా గురించీ చెబుతారు. గేరుపెట్టె నుంచి ఇరుసులకు బలాన్ని మోసుకెళ్లే షాఫ్టుల ఊసు, వాటి కొసల్లో ఉండే కీళ్ల ఊసు ఎవరూ ఎత్తరు. ఆ కీలు జీపు కంటే చాలా పాతది. పదహారో శతాబ్దపు ఇటలీ పండితుడు కార్డానో పేరు దానికి అంటుకుని ఉంది. ఇంగ్లండులో రాబర్ట్ హుక్ 1676లోనే దాన్ని వివరించాడు. అంత పాత ఉపాయం బురదనూ వాగునూ తట్టుకునే యంత్రభాగం కావడానికి ఇరవయ్యో శతాబ్దం దాకా ఎందుకు ఆగాల్సి వచ్చింది? గట్టి ఉక్కు, చవక ఇంజన్లు ఆలస్యంగా రావడం ఒక కారణమే. కానీ కీలు లోపలికి గ్రీజు చేరే దారి, చేరిన గ్రీజు నిలిచే చోటు ఏర్పడ్డాకే అది నమ్మదగినదైందని నా వాదన.

కీలు ఆకారంలో చిక్కు లేకపోలేదు. రెండు షాఫ్టుల పంగల (యోక్‌ల) మధ్య కూడిక గుర్తు ఆకారపు ముక్కను, అంటే క్రాస్‌ను, బిగిస్తే షాఫ్టు వంపులో కూడా తిరుగుతుంది, కానీ ఒకే వేగంతో తిరగదు. వంపు 30 డిగ్రీలుంటే, ఒక్కో చుట్టులో రెండేసి సార్లు అవతలి షాఫ్టు వేగం సుమారు 13 శాతం తగ్గి, 15 శాతం పెరుగుతుంది. రెండో కొసన మరో కీలు పెట్టి, రెండు కొసల పంగలనూ ఒకే వరసలో నిలిపి, రెండు వంపులూ సమంగా ఉండేలా చూస్తే ఈ హెచ్చుతగ్గులు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. ఇది కాగితం మీద తేలిపోయే లెక్క. తేలనిది దుమ్ము సంగతి. తొలినాటి మోటారు బండ్లలో చాలావాటికి చక్రాలను తిప్పింది బయటికి కనిపించే గొలుసు; మట్టి పడితే అరిగేది, అరిస్తే నూనె పోసేవారు. దాని బదులు షాఫ్టు వాడాలనుకున్న అమెరికన్ ఇంజనీరు క్లారెన్స్ స్పైసర్ 1903లో పేటెంటు పొందింది కీలుకు తొడిగే కవచానికి. కొత్తగా కనిపెట్టాల్సింది కీలు కాదనీ, కందెనను లోపల, దుమ్మును బయట ఉంచే ఏర్పాటనీ ఆ పేటెంటే చెబుతోంది.

కవచం దొరికినా, లోపల అయిపోయిన గ్రీజును మళ్లీ నింపడం మిగిలింది. అప్పట్లో చిన్న గిన్నె మూతలను ఒక్కొక్కటిగా చేత్తో తిప్పి గ్రీజు దిగేలా చేసేవారు. షికాగోలో ఆర్థర్ గుల్‌బోర్గ్ 1910ల్లో రూపొందించిన గ్రీజు గన్ను పద్ధతి, ఆ తర్వాత ఆస్కార్ జెర్క్ తెచ్చిన, గన్ను మూతి పట్టుకునే చిన్న నిపుల్ ఈ పనిని నిమిషాల్లోకి తెచ్చాయి. 1941లో సైన్యానికి జీపులు పెద్ద ఎత్తున తయారవడం మొదలైనప్పుడు ఈ ఏర్పాటు అవసరం మరింత తెలిసింది. వెనక చక్రాలను మాత్రమే తిప్పే బండికి మామూలుగా ఒక షాఫ్టు, రెండు కీళ్లు చాలు. జీపుకు ముందు వెనక రెండు షాఫ్టులు, నాలుగు కీళ్లు. పైగా ముందు ఇరుసు కొసల్లో చక్రాన్ని తిప్పుతూనే మలుపుకు లొంగే కీళ్లు వేరే. కందెన వేయని బండికి కావలసినంత సంగీతం అంటారు మనవాళ్లు. ఎద్దుబండి ఇరుసు కీచుమన్నా ఊరు చేరుస్తుంది. జీపు కీలు ఎండితే క్రాస్ అరిగి, షాఫ్టు ఊడి రోడ్డు మీద పడుతుంది.

ఉక్కు గట్టిపడటం, క్రాస్ కొసల మీది కప్పుల్లో సన్నని రోలర్లుండే సూది బేరింగులు రావడమే అసలు మార్పు అని ఒకరు అనవచ్చు. కానీ బేరింగుల నడక చూస్తే ఆ మాట సగమే నిజమని తేలుతుంది. కీలు వంపు తక్కువగా ఉంటే సూదులు పూర్తిగా దొర్లవు, ఒకేచోట అటూ ఇటూ ఊగుతాయి. కింద ఉన్న గ్రీజు పక్కకు నలిగిపోయి లోహానికి లోహం తగులుతుంది. ఎంత గట్టి ఉక్కయినా అప్పుడు దాని మీద సూదుల వరసలు గుంటలుగా పడతాయి. అందుకే గ్రీజు కొట్టే మెకానిక్ నిపుల్ తుడిచి, నాలుగు కప్పుల సీళ్ల దగ్గరా పాత గ్రీజు బయటికి వచ్చేదాకా గన్ను నొక్కుతాడు. మూడు చోట్ల వచ్చి నాలుగో చోట రాకపోతే షాఫ్టును పక్కకు నెట్టిపట్టి మళ్లీ నొక్కుతాడు. కప్పు అంచున ఎర్రటి తుప్పు పొడి కనిపిస్తే గ్రీజు ఆలస్యమైందనే లెక్క; అప్పుడు కావాల్సింది కొత్త క్రాస్.

మరింత బలమైన అభ్యంతరం సీలు చేసిన కీళ్లది. 1959 నాటి మినీ కారు ముందు చక్రాల్లో గ్రీజు నింపి రబ్బరు బూటు తొడిగిన కీళ్లు ఉన్నాయి. అవి నిపుల్ అవసరం లేకుండానే ఏళ్ల తరబడి నడిచాయి. నేటి కార్లలో చాలావాటిది అదే దారి. తారు రోడ్డు మీద ఇది మేలైన పద్ధతే. మరిచిపోయే యజమానికి నిపుల్ వల్ల లాభమేమీ లేదు. అయితే సీలు కందెన అవసరాన్ని తీసేయలేదు, ఒక్కసారి నింపి మూసేసింది. బూటు చిరిగితే గ్రీజు చిమ్మిపోతుంది, ఇసుక లోపలికి పోతుంది. నిపుల్ ఉన్న కీలులోకి నీళ్లు దిగినా కొత్త గ్రీజు వాటిని బయటికి నెట్టగలదు. మూసిన కీలుకు ఆ అవకాశం లేదు. బొర్రా దగ్గర కటికి జలపాతానికి రాళ్ల బాటన వెళ్లే జీపుల్లాంటి వాటికి ఈ తేడా ముఖ్యం. ఎక్కడ కీలు తరచూ తడిసి మళ్లీ ఎండుతుందో అక్కడ నిపుల్, ఎక్కడ తడవదో అక్కడ సీలు: రెండూ స్పైసర్ ఎదుర్కొన్న ప్రశ్నకే రెండు జవాబులు.