అమ్మీ పేరు రాయని వసీయత్

వాలిద్ ఇంతెకాల్ అయ్యాక నాబాలిగ్ పిల్లల జాయిదాద్ ఎవరి చేతిలో ఉంటుంది? అమ్మీ ఉందిగా అంటారు చాలామంది. చిన్నపిల్లల్ని దగ్గరుంచుకుని పెంచే హక్, అంటే హిజానత్, అమ్మీదే. జాయిదాద్ సంగతి వేరు. హనఫీ ఫిఖ్‌లో వరుస ఇదీ: వాలిద్, ఆయన నియమించిన వసీ, తర్వాత దాదా, దాదా నియమించిన వసీ. వీళ్లెవరూ లేకపోతే కాజీ. ఈ వరుసలో అమ్మీ లేదు, చాచా లేడు, పెద్దన్నా లేడు.

అంగ్రేజుల జమానాలో కాజీ కుర్సీలో జిల్లా అదాలత్ కూర్చుంది. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం ప్రకారం అదాలత్ పెట్టిన గార్డియన్, అదాలత్ ఇజాజత్ లేకుండా పిల్లల భూమీ ఇల్లూ అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు, 5 ఏళ్లకు మించి కౌలుకివ్వకూడదు. 1875 మెజారిటీ చట్టం ఇంకో మెలిక పెట్టింది. అదాలత్ గార్డియన్‌ని పెట్టిన పిల్లలు 18కి కాదు, 21కి గానీ బాలిగ్ కారు. 1999 సవరణ దాకా ఇదే కానూన్.

అదాలత్‌కి వెళ్లకుండా అమ్మీయే అమ్మేస్తే? 1918లో ఇమామ్‌బందీ కేసులో ప్రివీ కౌన్సిల్ జవాబిచ్చింది. ఒక తల్లి తన నాబాలిగ్ పిల్లల వాటా అమ్మింది. ఆ అమ్మకం పిల్లలకు వర్తించదని తీర్పు. రాసింది సయ్యద్ అమీర్ అలీ. 1952లో మహమ్మద్ అమీన్ కేసులో సుప్రీం కోర్టు కూడా ఆ బాటే పట్టింది.

అయితే అమీర్ అలీ తీర్పులోనే ఒక దర్వాజా తెరిచి ఉంది. వాలిద్ తన వసీయత్‌లో అమ్మీని వసీగా నియమిస్తే, వసీకుండే ఇఖ్తియార్ అంతా ఆమెదే. 1890 చట్టం కూడా షరియత్ ప్రకారం చేసిన అలాంటి నియామకాన్ని ఒప్పుకుంటుంది. ఆ వసీ ఇఖ్తియార్ చెల్లుతున్నంత కాలం ఆ స్థానంలో అదాలత్ వేరే గార్డియన్‌ని పెట్టదు.

ఇక్కడ చాలామందికి ఒక షక్: "వారిస్‌కి వసీయత్ చెల్లదు కదా?" అది ఆస్తి రాసివ్వడం గురించిన మస్లా. వసీగా పెట్టడమంటే ఆస్తి ఇవ్వడం కాదు, అమానత్ అప్పగించడం. ఎవరి హిస్సా వాళ్లదే.

ఇది కొత్త రివాజేమీ కాదు. హజ్రత్ జుబైర్‌ని ఎందరో సహాబాలు తమ వసీగా పెట్టుకున్నారు. హజ్రత్ ఉమర్ తన వక్ఫ్ భూమి నిగ్రానీని కూతురు హజ్రత్ హఫ్సాకు అప్పగించారు. రాయాల్సిన వసీయత్ ఉన్న ముసల్మాన్ రెండు రాత్రులైనా అది రాసి పెట్టుకోకుండా ఉండకూడదన్న హదీస్‌ని మనదాకా చేర్చింది ఆ ఉమర్ కొడుకే.

నికాహ్‌నామా జాగ్రత్తగా దాస్తాం. దాని పక్కన ఈ కాగితం కూడా ఉంటే, రేపు యతీమ్ పిల్లల ఫీజు కోసం వాళ్ల అమ్మీ అదాలత్ మెట్లెక్కే పని ఉండదు.