పసివారికి ఎక్కించే నెత్తురు

శ్రావణమాసములో ఉరుకుంద ఈరన్నస్వామి సన్నిధికి ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతముల నుండియే గాక కన్నడ సీమ నుండి కూడ జనము తరలివస్తారు. బిడ్డ చల్లగా ఉండవలెనని మొక్కుకొనని తల్లి ఆ గుంపులో ఉండదు. ఏడాది నిండీ నిండకముందే పాలిపోయి, కడుపు ఉబ్బి, నెత్తురు ఎక్కించనిదే నిలువలేని బిడ్డలను గూర్చి మేము ఈ ప్రసంగములో చెప్పదలచినాము.

ఈ వ్యాధిని 1925లో అమెరికాలోని డెట్రాయిట్ నగర వైద్యుడు థామస్ కూలీ వర్ణించినాడు. మధ్యధరా సముద్ర తీరవాసుల బిడ్డలలో ఎక్కువగా కనబడుటచే, గ్రీకు భాషలో సముద్రమను అర్థము గల మాటనుండి 1932లో దీనికి తలసేమియా అని పేరు పెట్టినారు. పేరు సముద్రానిదే గాని, వ్యాధి మెట్టసీమలను విడిచిపెట్టలేదు. తల్లిదండ్రు లిరువురిలోను దోషము దాగియున్నచో ప్రతి కాన్పులోను బిడ్డకు వ్యాధి వచ్చు అవకాశము నాలుగింట ఒకటి. ఒకే వంశపు దోషము రెండు వైపులనుండి కలియుటకు మేనరికములు దారి తీస్తాయి. రాయలసీమలో ఈ మాట చెప్పినవారికి మర్యాద దక్కదు. అయినను చెప్పక తప్పదు.

1901లో లాండ్‌స్టైనర్ రక్తవర్గములను బయటపెట్టిన పిమ్మటనే ఒకరి నెత్తురు మరొకరికి నిర్భయముగా ఎక్కించుటకు వీలైనది. తలసేమియా బిడ్డకు రెండు మొదలు నాలుగు వారముల కొకసారి ఎక్కించవలెను. మూడు వారముల లెక్కన ఏడాదికి 17 సార్లు, పదేండ్లకు 170. అన్నిమార్లు అన్యుల నెత్తురు ఆ చిన్న దేహములో ప్రవేశిస్తుంది. ఒక దాతలో దాగిన సూక్ష్మజీవి చాలును.

ఆ సూక్ష్మజీవులను కనుగొనుటకు శాస్త్రజ్ఞులకు చాలకాలము పట్టినది. కామెర్లు కలిగించు హెపటైటిస్ బి జాడను బ్లంబర్గ్ 1965లో ప్రకటించినాడు. సి అనునది 1989 వరకు చిక్కలేదు. ఎయిడ్స్ క్రిమిని 1983లో గుర్తించినారు. మన దేశములో అది ఉన్నట్లు 1986లో మదరాసులో డాక్టర్ సునీతి సోలమన్ బృందము వెల్లడించినది. 1989లో రక్తమునకు ఎయిడ్స్ పరీక్ష తప్పనిసరి అయినది. హెపటైటిస్ సి పరీక్షకు 2001 దాక ఆగవలసివచ్చినది. ఈ నడుమ ఎక్కించుకొన్న బిడ్డల మాటేమి?

ఆనాడు పొట్టకూటికై నెత్తురు అమ్ముకొనువారు ఉండేవారు. బీదవాడు తన రోగమును దాచుట సహజము. చెప్పినచో కూలి పోవును. 1996లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పగా 1998 నుండి ఆ అమ్మకము నిషిద్ధమైనది. అయినను 2011లో గుజరాతులోని జునాగఢ్‌లో 23 మంది తలసేమియా బిడ్డలకు ఎయిడ్స్ క్రిమి సోకినట్లు తేలినది. చట్టము వచ్చినంతమాత్రాన సీసాలోని నెత్తురు శుభ్రపడదు.

పరీక్షకు కూడ ఒక గుడ్డిగవాక్షము ఉన్నది. దాతకు క్రిమి సోకిన తొలి రోజులలో సాధారణ పరీక్ష దానిని పట్టలేదు. క్రిమి జన్యుద్రవ్యమునే వెదకు కొత్త పరీక్ష ఆ వ్యవధిని తగ్గించును గాని, అది అన్ని రక్తనిధులలోను లేదు.

"పరాయివాని నెత్తురెందుకు, తండ్రిదే ఎక్కించరాదా?" అని అడుగువారున్నారు. ప్రేమగల ప్రశ్నయే, కాని వైద్యులు ఒప్పుకొనరు. దగ్గరి బంధువుల నెత్తురు ప్రాణాపాయకరమైన చిక్కులు తేవచ్చును. ముందుముందు మజ్జ మార్పిడికి కూడ అడ్డు రావచ్చును. ఏ ప్రతిఫలము కోరక ఏటేటా వచ్చి ఇచ్చు దాతయే మేలు.

ఆదోని నుండి కర్నూలు పెద్దాసుపత్రి సుమారు నూరు కిలోమీటర్లు. పదునైదు దినముల కొకసారి బిడ్డను చంకనెత్తుకొని పోవు కుటుంబము సంచి మీది సంఖ్యను, తేదీని ఒక చిన్న పుస్తకములో వ్రాసియుంచుకొనవలెను. మొదటిసారి ఎక్కించకముందే హెపటైటిస్ బి టీకా వేయించవలెను. సి కి టీకా లేదు. కాని గత పదేండ్లలో వచ్చిన మాత్రలతో మూడు నెలలలో పెక్కుమందికి నయమగుచున్నది. అందుకు ముందుగా ఏడాది కొకసారైనను పరీక్ష చేయించి, వ్యాధి ఉన్నదని తెలిసికొనవలెను గదా.