పంటు కదలనిరోజుల ముచ్చట

ఇంజను గొంతు చించుకుంటోంది, పంటు మాత్రం ఉన్నచోటే ఉంది. అలాంటప్పుడు ముందు మూత విప్పకూడదురా అబ్బాయిలూ. మా రోజుల్లో అందరూ చేసే పని అదే. ప్లగ్గు ఊడదీసి గుడ్డతో తుడిచేవారు, కార్బొరేటరు ఊదేవారు, ఆయిల్లో కల్తీ అని ఎవరినో తిట్టేవారు. ఈలోగా ఏటి లాగుడుకి పంటు రేవు దాటి కిందికి కొట్టుకుపోయేది. పైన పసిపిల్లల తల్లులు గొల్లున ఏడ్చేవారు.

కోనసీమలో ఇన్ని వంతెనలు ఎక్కడివి అప్పుడు? యానాం, ఎదుర్లంకల మధ్య బాలయోగి గారి పేరున వంతెన రాకముందు అటు పోవాలన్నా రేవే, ఇటు రావాలన్నా రేవే. కోటిపల్లి నుంచి ముక్తేశ్వరం, సఖినేటిపల్లి నుంచి నరసాపురం, ఎక్కడ చూసినా పంట్లు. రెండు పడవల్ని పక్కపక్కన ఉంచి, అడ్డంగా దూలాలు వేసి, మీద బల్లలు పరిస్తే అదే పంటు. పెద్ద రేవుల్లో కార్లు కూడా ఎక్కేవి, వాటికి డీజిలు ఇంజన్లు. మా రేవుది చిన్నది. జనం, సైకిళ్లు, మోటారుసైకిళ్లు, కొబ్బరికాయల బస్తాలు, అంతే. చాలాకాలం గెడలతోనే నడిచింది. తర్వాత వెనక అడ్డదూలానికి ఔట్‌బోర్డు ఇంజను బిగించారు.

ఇలాంటిది మనకే ఉందనుకోకండి. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలో వీరెస్ అనే రైతు 1950ల మొదట్లో ఇనప పీపాలు వరసగా అతికి, రెండు వరసల మీద బల్లలు పరిచి చెరువులో వదిలాడట. మామూలు పడవ కంటే అలలకి తక్కువ ఊగుతుందని ఆయన ఆలోచన. సరిగ్గా మన పంటు కథే. దాని బాధలు కూడా మన బాధలే.

ఏమిటా బాధంటే, రెండు పడవల మధ్య దూరివచ్చే నీరు నురగ కట్టుకుని వస్తుంది. ఇంజను ఆ సందులోనే ఉంటుంది. పంకా తిరిగి నీటిని వెనక్కి నెడితేనే కదా పంటు ముందుకు పోయేది? గాలి కలిసిన నీరు రెక్కకి పట్టు ఇవ్వదు. బరువు లేనట్టు పంకా గిర్రున తిరుగుతుంది, ఇంజను అరుస్తుంది, పంటు నిలబడిపోతుంది.

మా రేవులో అది పొద్దున పూట ఎక్కువగా జరిగేది. కారణం తెలుసుకుందామని ఓరోజు వెనకవైపు బల్లల మీద బోర్లా పడుకుని, తల కిందికి వంచి చూశాను. పంకాకి పైన వెడల్పుగా ఒక రేకుంటుంది, కావిటేషన్ ప్లేటంటారు. నడిచేటప్పుడు అది నీళ్లలో మునిగి ఉండాలి. బయల్దేరినప్పుడు మునిగే ఉంది. ఏటి నడుమ దాటాక అవతలి ఒడ్డు కనపడింది. ముందు దిగాలని జనమంతా ముక్కువైపు జరిగారు, మోటారుసైకిళ్లూ అటే నెట్టారు. ముక్కు దిగింది, వెనక లేచింది. ప్లేటు నీటి పైకొచ్చింది. దాని పక్కనే నీళ్లలో సుడి తిరిగి గుంట పడింది, ఆ గుంటలోంచి గాలి గుర్రుమంటూ పంకాలోకి పోతోంది. నా కళ్ల ముందే ఇంజను గొంతు మారింది. యాక్సిలరేటరు తగ్గించి, జనాన్ని వెనక్కి జరగమన్నాక సుడి పూడిపోయింది, పంకా మళ్లీ నీటిని పట్టుకుంది.

ఆ తర్వాత ఇంజను వాలు చూశాం. ఇప్పటి పెద్ద ఇంజన్లకి మీట నొక్కితే చాలు, అప్పటివాటికి బ్రాకెట్టులో వరసగా బెజ్జాలు, ఒక పిన్ను. పిన్ను బయటి బెజ్జంలో ఉంటే ఇంజను కాలు పడవకి దూరంగా వాలి, పంకా నీటి పైభాగానికి వచ్చేస్తుంది. మలుపు తిప్పగానే గాలి పీలుస్తుంది. మరీ లోపలి బెజ్జంలో పెడితే ముక్కు నీళ్లలోకి పొడుచుకుపోతుంది, చేతిలో పిడి బరువెక్కుతుంది. నడిచేటప్పుడు కాలు నిటారుగా నిలిచే బెజ్జం వెతుక్కోవాలి. మాకు ఒక బెజ్జం లోపలికి మారిస్తే సరిపోయింది. ఇంజను బిగించిన చెక్కని కూడా నాలుగు వేళ్లు కిందికి దించాం. ఇంకా దించుదామన్నాడు సరంగు, నేనొద్దన్నాను. పాటు సమయంలో ఇసకమేటలు తేలే రేవది, పంకా ఇసకలో దిగితే మొదటికే మోసం.

ఇవన్నీ సరిచేసినా అరుపు ఆగకపోతే అప్పుడు పంకా విప్పాలి. రెక్క అంచు విరిగినా, వంగినా దాని వెనక నీటి ఒత్తిడి బాగా పడిపోతుంది. అంత తక్కువ ఒత్తిడిలో చన్నీళ్లు కూడా ఆవిరి బుడగలైపోతాయి. అవి చితికిపోయేటప్పుడు కొట్టే దెబ్బకి లోహం మీద మశూచి మచ్చల్లా గుంటలు పడతాయి. ఇంగ్లండులో పార్సన్స్ గారు 1894లో టర్బీనియా అని ఆవిరి ఓడ దించితే, ఈ బుడగల మూలానే అది అనుకున్న వేగం అందుకోలేదు. ఆయన నీళ్ల తొట్టెలో చిన్న పంకాలు తిప్పి, బుడగల్ని కళ్లారా చూసి, చివరికి మూడు ఇరుసులకి మూడేసి పంకాలు పెట్టాడు. 1897లో రాణిగారి నౌకల పండగలో ఆ ఓడని నౌకాదళం పడవలు అందుకోలేకపోయాయి. అంతటివాడు కూడా ముందు నీటినే చూశాడు, అందుకే ఆయనంటే నాకు గౌరవం.

ఇంకొకటుంది. పంకా మధ్యలో రబ్బరు బుష్షు జారినా అచ్చం ఇలాగే అరుస్తుంది. పంకాకి వెనక, నడుమనున్న ఇత్తడి గొట్టం మీంచి బయటి లోహం మీదికి కలిసేలా తెల్ల పెయింటుతో ఒక గీత గీసి, ఆరాక ఏట్లో గట్టిగా నడపండి. తిరిగొచ్చి చూస్తే గీత రెండు ముక్కలై పక్కకి జరిగిందా, రబ్బరు పోయినట్టే. అలాగే పంకా విప్పినప్పుడు ఇరుసుకి వల దారం చుట్టుకుందేమో చూడాలి. సన్నటి నైలాను దారం చాలు సీలు కోసెయ్యడానికి. గేరు ఆయిలు తెల్లగా మారితే లోపలికి నీళ్లు పోయినట్టే, ఆ రోజుకిక పంటు కట్టెయ్యాలి.

మా పంటు మీద ముక్కుకి నాలుగడుగులు ఇవతల అడ్డంగా ఎర్రగీత వేయించాం. ఒడ్డుకి తాడు పడేదాకా మోటారుసైకిలు చక్రం ఆ గీత దాటకూడదు. మొదట్లో జనం విసుక్కున్నారు. వరదల నెలలో ఎర్రనీళ్లు పోటెత్తి పారుతున్నప్పుడు నడిపాక మాత్రం, గీత దగ్గర నిలబడమని ఒకరికొకరు వాళ్లే చెప్పుకునేవారు.