గోదావరి భూగర్భం: గీతల నుంచి అంకెల దాకా

గోదావరి డెల్టా అడుగున చమురు, సహజవాయువు జాడ తీసే ప్రధాన సాధనం సీస్మిక్ సర్వే. బోరులో మందుగుండు పేల్చి, లోపలి పొరలకు తగిలి తిరిగొచ్చే ప్రకంపనలను పొలాల్లో వరసగా పాతిన జియోఫోన్లతో పడతారు. జియోఫోన్‌లోని తీగచుట్ట, అయస్కాంతం మధ్య కదలికకు పుట్టేది అనలాగ్ విద్యుత్ సంకేతం. దాన్ని నమోదు చేసే పద్ధతి మెరుగుపడిన కొద్దీ సర్వేకు అందే లోతూ పెరిగింది.

1921లో అమెరికాలోని ఓక్లహోమాలో పరీక్షించిన ఈ విధానంలో సంకేతం మొదట ఫొటో కాగితంపై గీతగా పడేది. 1950లలో అనలాగ్ టేపు వచ్చింది. అయితే బలమైన, బలహీనమైన సంకేతాలు రెండూ ఒకే టేపులో సరిగా ఇమిడేవి కావు. డెల్టాలో అసలు చిక్కు ఇదే. రాజమండ్రి పక్కన కాతేరులోను, గోదావరికి పడమట పంగిడిలోను పైకి కనిపించే బసాల్టు రాయి రాజోలు ప్రాంతంలో భూగర్భంలో ఉంది. అది ప్రకంపనల శక్తిని చాలావరకు వెనక్కి కొడుతుంది. దాని కిందున్న ఇసుకరాతి పొరల సంకేతాలు బాగా సన్నగిల్లి వస్తాయి.

1960లలో డిజిటల్ రికార్డింగ్ మొదలైంది. సంకేతంలోని అత్యధిక పౌనఃపున్యానికి రెట్టింపు కంటే ఎక్కువసార్లు కొలిస్తే సమాచారం పోదని నైక్విస్ట్, షానన్ల సిద్ధాంతం. సీస్మిక్ సంకేతాలు చాలావరకు 100 హెర్ట్జ్ లోపే కాబట్టి సెకనుకు 500 కొలతలు సరిపోతాయి. కొలతలో ఒక్కో బిట్ పెరిగితే, బలమైన, బలహీనమైన సంకేతాలను కలిపి పట్టే పరిధి సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. 1970లలో ప్రతి కొలతకూ యాంప్లిఫైయర్ స్థాయి మార్చి, ఆ స్థాయినీ అంకెతో పాటే రాసే యంత్రాలు వచ్చాయి. ఓఎన్‌జీసీ నరసాపురంలో తొలి అన్వేషణ బావి తవ్విన 1978 నాటికి చమురు పరిశ్రమలో డిజిటల్ పద్ధతే ప్రమాణం.

1990లలో 24 బిట్ల డెల్టా-సిగ్మా కన్వర్టర్లు రంగంలోకి దిగాయి. ఇవి సంకేతాన్ని అవసరానికి ఎన్నో రెట్లు వేగంగా, స్థూలంగా కొలిచి, డిజిటల్ ఫిల్టర్‌తో సూక్ష్మమైన అంకెగా మారుస్తాయి. ఆచరణలో పరిధి 120 డెసిబెల్స్ దాకా వచ్చింది. కన్వర్టర్లు రికార్డింగ్ ట్రక్కు నుంచి జియోఫోన్ల పక్కనున్న పెట్టెల్లోకి చేరడంతో, పొడవాటి కేబుళ్లలో కరెంటు లైన్ల రొద చొరబడటం తగ్గింది. సముద్ర సర్వేల్లోనూ ఓడ వెనక లాగే కేబులులోనే మార్పిడి జరుగుతోంది.

ఇప్పుడు సర్వే సూక్ష్మతకు హద్దు కన్వర్టర్ కాదు. గాలి, అలలు, పంపుసెట్లు, రోడ్ల రాకపోకలు నేలలో పుట్టించే రొదే ఆ హద్దు.