ఫోటో తీయడం, ఫోటో దిగడం

తెలుగులో ఫోటోకు రెండు క్రియలున్నాయి. కెమెరా పట్టుకున్నవారు ఫోటో 'తీస్తారు', ఎదుట నిలబడినవారు ఫోటో 'దిగుతారు'. దిగడం ఇష్టపడి చేసే పని. తెలియకుండా తీసిన ఫోటోలో మనిషి ఉంటాడే గాని, అతడు ఫోటో దిగాడని మనం అనం. ఈ భేదాన్ని దృష్టిలో ఉంచుకొని కొంత చరిత్రను పరిశీలిద్దాం.

1868-75 మధ్య లండనులో 'ద పీపుల్ ఆఫ్ ఇండియా' అనే గ్రంథం 8 సంపుటాలుగా వెలువడింది. అందులో చాలా ఫోటోల కింద వ్యక్తి పేరుకు బదులు కులం పేరో తెగ పేరో కనిపిస్తుంది. దానికి ఫోటోలు అందించినవారిలో మద్రాసు సైన్యాధికారి డబ్ల్యు. డబ్ల్యు. హూపర్ ఒకరు. 1876-78 నాటి కరవులో ఎముకల గూళ్లయిన మనుషులను గుంపులుగా కూర్చోబెట్టి ఫోటోలు తీసింది ఈయనే. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలను ఊడ్చిపెట్టిన ఆ కరవుకు ఇవి విలువైన సాక్ష్యాలు. అయినా ఆకలిగొన్నవారు కూర్చోమంటే కూర్చోవడాన్ని 'దిగడం' అనగలమా? 1886లో మాండలేలో ఖైదీలపై తుపాకులు పేలే క్షణాన్ని ఫోటో తీయబోయినందుకు హూపర్ విచారణను ఎదుర్కోవలసి వచ్చింది.

ఇది గతించిన కథ కాదు. 2025లో బెంగళూరు మెట్రోలో మహిళలను చాటుగా ఫోటోలు తీసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టినందుకు పోలీసులు కేసు నమోదు చేశారు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017లో పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు 9 మంది సభ్యుల ధర్మాసనం తేల్చింది. బహిరంగ స్థలంలో ఉన్నంత మాత్రాన ఆ హక్కు పోదన్న మాట కూడా ఆ తీర్పులో ఉంది.

ఈ మధ్య మా విద్యార్థులు మడివాళ సంతలో తెలుగు మాటలు సేకరించి, కొన్ని ఫోటోలూ తెచ్చారు. కన్నడంలో 'మడివాళ' అంటే చాకలి. మన 'మడేలు'కు దగ్గరి చుట్టం. ఒక ఫోటోలో కూరగాయలమ్మే అవ్వ ముఖం పక్కకు తిప్పుకొని ఉంది. కింద 'తెలుగు స్త్రీ' అని రాశారు. ఆ 8 సంపుటాలే మాకు గుర్తుకొచ్చాయి.

అడిగితే సహజత్వం పోతుందని వారి వాదన. భాషాశాస్త్రంలోనూ ఈ చిక్కు ఉన్నదే. రికార్డు చేస్తున్నామని తెలిస్తే మనుషుల మాట మారుతుంది. అయినా అనుమతి లేకుండా మేము రికార్డు చేయం. మాటకు పాటించే నియమం ముఖానికి ఎందుకు వర్తించదు?

ఆ ఫోటోను ఇక్కడ అచ్చువేయడం లేదు. విద్యార్థులను మళ్లీ మడివాళకు పంపుతున్నాం. ఈసారి కెమెరా తీయకముందే వారు అడగవలసిన మాట ఒకటుంది: "అవ్వా, ఒక ఫోటో దిగుతావా?" వద్దంటే, ఆ 'వద్దు' కూడా సేకరించదగిన తెలుగు మాటే.