ఓరుగల్లు దారిలో పాస్తా

పాస్తాను చైనా నుంచి ఇటలీకి మార్కో పోలో తీసుకువచ్చాడన్న కథ లోకమంతటా ప్రచారంలో ఉన్నప్పటికీ అది కట్టుకథేనని ఆహార చరిత్రకారులు ఏనాడో తేల్చారు. అయితే అదే వెనిస్ వర్తకుడి గ్రంథంలో తెలుగు నేల గురించి ఒక అధ్యాయం ఉన్నదనీ, మోటుపల్లి రేవు పేరును 'ముత్ఫిలి'గా రాసి ఆ రాజ్యంలోని వజ్రాలనూ, సాలెగూటి పోగుల్లా కనిపించే సన్నని వస్త్రాలనూ వర్ణించిన ఆ రచయిత, లోకంలోకెల్లా పెద్ద గొర్రెలు అక్కడ ఉన్నాయని కూడా చెప్పాడనీ తెలిసినవారు తక్కువ. వజ్రాల ముచ్చటను తరువాతి రచయితలు పదే పదే చెప్పుకున్నారు గాని గొర్రెల మాటకు అంత గౌరవం దక్కలేదు. ఆ కాకతీయ రాజ్యపు రాజధాని ఓరుగల్లుకు హైదరాబాదు నుంచి వెళ్లే రహదారి నేడు ఉప్పల్ కూడలి దాటి తూర్పుకు సాగుతుంది; ఆ దారికి కొద్ది లోపలగా చెంగిచెర్లలో మాంసం మీద పరిశోధన చేసే జాతీయ సంస్థ ఉన్నది, అదే దారిలో మరికొంత ముందుకు పోతే బీబీనగర్‌లో సేమియా, మాకరోనీ తయారుచేసే బాంబినో కర్మాగారం ఉన్నది. పాస్తాను తెచ్చాడని అబద్ధపు కీర్తి పొందిన మనిషి గొర్రెలను నిజంగా మెచ్చుకున్న రాజ్యపు దారిలోనే పాస్తా కర్మాగారమూ మాంస పరిశోధనాలయమూ వెలియడం యాదృచ్ఛికమే అయినా, సాసేజి, మీగడ, కారం కలిపి వండే పాస్తాకు పుట్టుపూర్వోత్తరాలు వెతికేవారికి ఇంతకంటే మంచి మొదలు దొరకదు.

ముందుగా అబద్ధపు సంగతి తేల్చుకోవాలి. 1929లో అమెరికా మాకరోనీ తయారీదారుల సంఘపు పత్రికలో ఒక కల్పిత కథ అచ్చయింది. మార్కో పోలో ఓడలోని ఒక నావికుడు చైనా తీరంలో పిండి తీగలు చేసే విధానం చూసి వచ్చాడని, ఆ నావికుడి పేరే స్పగెట్టి అని ఆ కథ చెప్పింది. 1938లో వచ్చిన ఒక హాలీవుడ్ చిత్రం దానికి మరింత వ్యాప్తి కల్పించింది. పోలో చైనా నుంచి వెనిస్‌కు తిరిగి చేరినది 1295లో. అప్పటికి 16 సంవత్సరాల ముందే, అంటే 1279లో, జెనోవా నగరపు నోటరీ ఒకడు పోంజియో బస్తోనె అనే సైనికుడి ఆస్తుల పట్టిక రాస్తూ అందులో ఒక బుట్టెడు మాకరోనీని కూడా చేర్చాడు. వారసులకు సంక్రమించే సొత్తులో బుట్టెడు పాస్తాను లెక్కకట్టారంటే అది నిలవ ఉండే ఎండు సరుకనీ, దానికి విలువ ఉండేదనీ రెండూ రుజువవుతాయి. ఇంకా వెనక్కి పోతే, 1154లో సిసిలీ రాజు రెండవ రోజర్ కోసం భూగోళ గ్రంథం రాసిన అరబ్బు పండితుడు అల్ ఇద్రీసీ, పలెర్మో సమీపంలోని త్రబీయా గ్రామంలో గోధుమపిండి తీగలు విస్తారంగా తయారై ఓడల మీద ముస్లిం, క్రైస్తవ దేశాలకు ఎగుమతి అయ్యేవని నమోదు చేశాడు. ఎండిన పాస్తా మొదటినుంచీ ఓడల తిండి, బాటసారుల తిండి. చెడిపోకుండా దూరం పోగలగడమే దాని అసలు గుణం.

ఆ గుణం తెలిస్తే ఆ కాలపు మోటుపల్లి మరింత ఆసక్తికరంగా కనిపిస్తుంది. కాకతీయ గణపతిదేవుడు 1244లో అక్కడ వేయించిన అభయ శాసనం సముద్ర వర్తకులకు ఇచ్చిన భరోసా: తుపానులో ఓడ బద్దలై సరుకు ఒడ్డుకు కొట్టుకువస్తే పూర్వపు రాజులు దానిని స్వాధీనం చేసుకునేవారని, తాను మాత్రం న్యాయమైన సుంకం తప్ప మరేమీ తీసుకోనని ఆయన అందులో ప్రకటించాడు. గంధం, కర్పూరం, దంతం వంటి సరుకులకు సుంకపు వివరాలు కూడా ఆ శాసనంలోనే ఉన్నాయి. ఆయన కుమార్తె రుద్రమదేవి 1262 నుంచి 1289 వరకు రాజ్యమేలింది. ఆమె మరణాన్ని తెలిపే చందుపట్ల శాసనం 1289 నాటిది. పోలో ఆమెను గతించిన రాజుకు భార్యగా పొరబడ్డాడు, ఆమె ఇంకా పాలిస్తున్నట్టే రాశాడు, మోటుపల్లిలో అతడు స్వయంగా కాలుపెట్టాడా లేక నావికుల నోట విన్నాడా అన్న సందేహమూ పండితుల్లో ఉన్నది. అయినా ఆమె వివేకాన్ని, న్యాయపాలనను మెచ్చుకున్న తీరు చూస్తే విన్న సంగతులైనా విశ్వసనీయులైనవారు చెప్పినవేనని తోస్తుంది. జెనోవాలో బుట్టెడు మాకరోనీ ఆస్తి పట్టికకు ఎక్కిన 1279లో ఓరుగల్లు కోటలో రుద్రమ సింహాసనం మీద ఉన్నది. ఈ రెండు సంగతులను ఒకే పుటలో పెట్టి చదివే అలవాటు తెలుగు పాఠ్యపుస్తకాలకు లేకపోవడం లోటే. రాజుల యుద్ధాలకు ఇచ్చిన చోటులో పదో వంతు రేవులకూ, సరుకులకూ, వంటకూ ఇచ్చి ఉంటే చరిత్ర ఇంతకంటే దగ్గరగా ఉండేది.

పోలో మెచ్చిన గొర్రెలకు ఈ నేల మీద నేటికీ కొదవ లేదు. 2019 పశుగణనలో సుమారు 1.9 కోట్ల గొర్రెలతో తెలంగాణ దేశంలోనే మొదటి స్థానంలో నిలిచింది. గొల్ల కురుమల జీవనమంతా ఆ మందల మీదే ఆధారపడింది, పండుగైనా పెళ్లయినా వేటమాంసం లేని విందును ఇక్కడివారు విందుగా లెక్కించరు. ఇంతటి గొర్రెల దేశంలో సాసేజి మాత్రం సంప్రదాయంగా పుట్టలేదు. శుభ్రం చేసిన సన్నపేగులో తరిగిన మాంసం, కొవ్వు, ఉప్పు, మసాలా కూరి నిలవ చేసేదే సాసేజి. సన్నని రకాలకు గొర్రె పేగునే వాడతారు. బోటి కూర వండే తెలంగాణ ఇళ్లకు పేగును తిరగేసి, సున్నం లేదా ఉప్పు పసుపులతో రుద్ది, పలుమార్లు వేడినీళ్లలో కడిగే విద్య బాగా తెలుసు. కష్టమైన సగం చేతిలో ఉండి కూడా మిగతా సగం వైపు ఎందుకు పోలేదన్నదానికి సమాధానం బహుశా వాతావరణంలో ఉన్నది. చలిదేశాల్లో శీతకాలమంతా మాంసాన్ని వేలాడదీసి ఆరబెట్టవచ్చు. దక్కను ఎండలో వేటను ఆ పూటే పంచుకుని వండుకోవడం, మిగిలినది ఉప్పు రాసి ఎండబెట్టి ఒరుగులు చేసుకోవడం మేలు.

సాసేజి కథలో ఒక పాత తెరువు మాత్రం దక్షిణ భారతం మీదుగానే పోతుంది. దక్షిణ ఇటలీలోని లుకానియా ప్రాంతపు సాసేజిని రోమన్ సైనికులు నేర్చుకుని వచ్చారని ప్రాచీన రచయిత వర్రో చెప్పాడు. అపీసియస్ పేర నిలిచిన రోమన్ వంట గ్రంథంలో ఆ సాసేజికి కావలసిన దినుసుల్లో మిరియాలు, జీలకర్ర ముందు వరుసలో ఉంటాయి. ఆ మిరియాలు భారతదేశపు పడమటి తీరపు రేవుల నుంచి ఓడలెక్కి పోయినవి. భారతదేశపు సరుకులకు రోమ్ బంగారం తరలిపోతున్నదని రోమన్ రచయిత ప్లినీ విలపించాడు, ఆ కాలపు రోమన్ నాణేలు నల్లగొండ జిల్లా అక్కెనపల్లి వంటి చోట్ల నిధులుగా బయటపడ్డాయి. ఆ తరువాతి వెయ్యేళ్లకు పైగా కాలాన్ని ఇక్కడ దాటవేయక తప్పదు. పోర్చుగీసు ఓడలు 16వ శతాబ్దంలో అమెరికా ఖండపు మిరపను గోవాకు దింపాక మిరియాల స్థానాన్ని మిరప ఆక్రమించింది. అదే మిరప ఇటలీ దక్షిణపు కొసన కలాబ్రియాకు చేరి అక్కడి స్పిలింగా గ్రామపు ఎర్రని మెత్తని సాసేజి 'ఎన్‌దుయా'కు ప్రాణమైంది. మీగడ మరో కొండప్రాంతం నుంచి వచ్చింది: పందిమాంసపు పనిలో పేరుపొందిన ఉంబ్రియా పట్టణం నోర్చా పేరు మీద సాసేజి, మీగడ కలిపిన పాస్తా వాడుకలో ఉన్నది. నేటి కారపు మీగడ సాసేజి పాస్తా ఈ రెండు ఊళ్ల రుచులకు వారసురాలు.

ఉప్పల్ వైపు ఈ సరుకులు చేరిన క్రమం వేరు. 1893లో నిజాం రైల్వే లాలాగూడ వర్క్‌షాపు ఏర్పడ్డాక ఆ చుట్టుపక్కల, మెట్టుగూడలో స్థిరపడిన ఆంగ్లో ఇండియన్ రైల్వే కుటుంబాలు ఈ తూర్పు భాగానికి పడమటి వంట అలవాట్లను పరిచయం చేశాయి. సేమియా అంతకంటే పాతది. రంజాను షీర్ ఖుర్మా లేని హైదరాబాదు లేదు, నులకమంచపు అంచుకో పీటకో బిగించిన చిన్న ఇనుప యంత్రంలో పిండిముద్ద పెట్టి పిడి తిప్పుతూ, కిందికి జారే తీగలను దండెం మీద ఆరేసే దృశ్యం ఊళ్లలో ఒక తరం కిందటి వరకూ ఉండేది. పాస్తా యంత్రం చేసే పనీ అదే: గట్టి గోధుమ రవ్వను దాని బరువులో మూడో వంతుకు తక్కువ నీటితో తడిపి, కంచు అచ్చు గుండా ఒత్తి, తేమ పన్నెండున్నర శాతానికి దిగేదాకా నిదానంగా ఆరబెట్టడం. ఆ గట్టి గోధుమను శాస్త్రజ్ఞులు డ్యూరమ్ అంటారు. తెలుగిళ్లలో ఉప్మాకు వాడే బన్సీ రవ్వ కూడా ఆ జాతి గోధుమదే. 1980లలో బాంబినో ప్యాకెట్లు ఇంటింటికీ చేరాక దండెం మీది తీగలు మాయమయ్యాయి. సౌకర్యం పెరిగిన మాట నిజమే, కాని ఏ ఊరి గోధుమ ఎంత సాగుతుందో వేళ్లతో చెప్పగల ముసలమ్మల జ్ఞానాన్ని ఎవరూ రాసి పెట్టుకోకపోవడం తీరని నష్టం.

ఇదే చుట్టుపక్కల తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థకు ఈ కథలో మరో విధమైన భాగం ఉన్నది. 1918లో కూనూరులో మెక్‌కారిసన్ అనే వైద్యుడు ప్రారంభించిన ఆ సంస్థ 1958లో హైదరాబాదుకు తరలింది; ఇక్కడ సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతయ్య 1960లో పెల్లాగ్రా అనే వ్యాధి మీద ప్రకటించిన పరిశోధన లోకం దృష్టికి వచ్చింది. ఎండ తగిలే మెడ, చేతుల మీద చర్మం నల్లబడి పొలుసులు లేచి, విరేచనాలు, మతిభ్రమ కలిగించే ఈ వ్యాధికి ఆ పేరు పెట్టినది 1771లో మిలన్ వైద్యుడు ఫ్రాపొల్లి. అప్పట్లో అది ఉత్తర ఇటలీలో మొక్కజొన్న సంకటితోనే బతికే నిరుపేదల వ్యాధి. దక్కనులో అది జొన్నలు మాత్రమే తినే కూలీలలో కనిపించింది. జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువగా ఉండడం కారణమని వారు సూచించారు, ఆ వాదం మీద తరువాత చర్చ జరిగింది గాని, పాలు, మాంసం తగినంత అందిన ఇంట ఆ వ్యాధి అడుగుపెట్టదన్నది మాత్రం నిర్వివాదం. ఇటలీ పేదకూ తెలంగాణ పేదకూ ఒకే జబ్బు తెచ్చినది ధాన్యం కాదు, ధాన్యం పక్కన ఇంకేమీ లేని పళ్లెం. పాలూ మాంసమూ ధాన్యమూ ఒకే గిన్నెలో కలిసే వంటకాన్ని కేవలం పరదేశపు మోజుగా కొట్టిపారేసేవారు ఈ చరిత్రను తెలుసుకోవాలి. జొన్న విషయంలో న్యాయం ఆలస్యంగానైనా జరిగింది: రాజేంద్రనగర్‌లోని భారతీయ చిరుధాన్యాల పరిశోధన సంస్థ జొన్నతో పాస్తా, సేమియా చేసే విధానాలను రూపొందించింది.

చెంగిచెర్లలోని మాంస పరిశోధన సంస్థ 1999లో ఏర్పడింది. గొర్రె, కోడి, గేదె మాంసాలతో సాసేజి వంటి ఉత్పత్తులు చేయడంలో అక్కడ శిక్షణ ఇస్తారు. సాసేజి పనితనమంతా చల్లదనంలో ఉన్నది. తరిగిన మాంసానికి సుమారు రెండు శాతం ఉప్పు చేర్చి మెత్తగా రుబ్బితే కండలోని మయోసిన్ అనే మాంసకృత్తి జిగురుగా బయటికి వచ్చి కొవ్వు రేణువులను చుట్టి పట్టుకుంటుంది, అలా కొవ్వూ నీరూ విడిపోకుండా కలిసి ఉండే స్థితిని ఎమల్షన్ అంటారు. కత్తుల రాపిడికి వేడెక్కితే కొవ్వు కరిగి ఆ పట్టు విడిపోతుంది గనుక నీటికి బదులు మంచు ముక్కలు వేస్తారు. తరువాత లోపలి వేడి 72 డిగ్రీలకు చేరేలా ఉడికిస్తారు.

ఉప్పల్ పక్కనున్న నాచారం పారిశ్రామిక వాడలో పని ముగించుకుని చీకటిపడ్డాక ఇల్లు చేరేవారికి ఈ సాసేజి పాస్తా అరగంట వంట. 100 గ్రాముల పాస్తాకు లీటరు నీళ్లు, పది గ్రాముల ఉప్పు చొప్పున మరిగించి, పలుకు పూర్తిగా విరగకముందే దించాలి, ఆ గంజినీళ్లు ఒక గ్లాసెడు పక్కన ఉంచాలి. సాసేజిని ముక్కలుగా తరిగి మూకుడులో ఎర్రగా వేగనిచ్చి, దిగిన కొవ్వులోనే ఉల్లి, వెల్లుల్లి, కారం, టమాటా మగ్గించి, మంట తగ్గించాక మీగడ కలపాలి. పులుపు మీద పెద్దమంట పెడితే పలచని పాలు విరిగిపోతాయి, చిక్కని మీగడ మాత్రం తట్టుకుంటుంది. మిరపకు ఘాటునిచ్చే కాప్సెసిన్ కొవ్వులో కరుగుతుంది గనుక మీగడ ఆ మంటను మెత్తబరుస్తుంది. చివర పాస్తాను, గంజినీటిని చేర్చి కలియబెడితే ఆ గంజి పిండిపదార్థం సాసును ముక్కలకు అంటిపెడుతుంది. మైదా అవసరం లేదు.

కారం దగ్గర మాత్రం ఒక మాట చెప్పక తప్పదు. విదేశీ పేర్ల సీసాల్లో అమ్మే ఎర్రపొడి కోసం డబ్బు పోసే బదులు, ఇదే రహదారి చివర వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు చేరే చపాటా మిరపను అడిగి తెచ్చుకోవాలి. టమాటా మిర్చి అని కూడా పిలిచే ఈ పొట్టి లావు కాయకు రంగు ముదురు, ఘాటు తక్కువ. 2025లో దానికి భౌగోళిక గుర్తింపు లభించింది. ఘాటు చాలదనుకునేవారు తేజ రకం కారం చిటికెడు కలుపుకోవచ్చు. ఉప్పల్ దుకాణాల శీతల పెట్టెల్లో కోడి సాసేజిదే పెత్తనం, మటన్ సాసేజి అరుదు. గొర్రెల లెక్కలో దేశానికే మొదటిదైన రాష్ట్రంలో, ఆ విద్య నేర్పే సంస్థ పక్కనే ఉండగా, ఈ స్థితి కొనసాగడం తగదు. యువ మాంస వ్యాపారులు చెంగిచెర్ల శిక్షణను వినియోగించుకోవాలి, కొనేవారు తమ దుకాణదారుణ్ణి మటన్ సాసేజి కావాలని అడగాలి.