కొండ మీది అన్న, ఊళ్లోని చెల్లెలు

హిందూమతాన్ని పరిచయం చేసే పుస్తకాలు సాధారణంగా వేదాలతో మొదలై, ఉపనిషత్తులు, కర్మసిద్ధాంతం, మతాచార్యుల మీదుగా నడిచి భక్తి ఉద్యమం దగ్గర ఆగుతాయి. గ్రామదేవతలకు చివర ఒక పేజీ దొరికితే గొప్ప. తిరుపతిలో ఈ వరుస నిలవదు. కొండ మీద వేంకటేశ్వరుడున్నాడు, కొండ కింద ఊళ్లో తాతయ్యగుంట గంగమ్మ ఉంది. ఆమె ఆయన చెల్లెలంటారు జనం. ఏటా జాతరకు తిరుమల దేవస్థానం నుంచి చీర, పసుపు కుంకుమలు సారెగా వస్తాయి. ఈ చుట్టరికం వెనక ఉన్న సామాజిక సంబంధాలను పరిశీలించకుండా ఇక్కడి మతాచరణ అర్థం కాదు.

అన్నగారి చరిత్ర శాసనాలకెక్కింది. 966లో సామవై అనే పల్లవ రాణి వెండి విగ్రహాన్ని సమర్పించి, దాని పూజకు భూములిచ్చింది. సాళువ నరసింహుని కాలానికి, అంటే 15వ శతాబ్దం ఉత్తరార్ధానికి, దానాలు వెల్లువెత్తాయి. బర్టన్ స్టెయిన్ 1960లో చూపినట్టు, ఆ ధనంతో ఆలయం తన గ్రామాల్లో చెరువులూ కాలువలూ బాగుచేయించింది. పెరిగిన పంట నైవేద్యానికి పోయేది. ప్రసాదంలో నాలుగోవంతు దాతకు హక్కుగా దక్కేది. భక్తికీ వ్యవసాయోత్పత్తికీ మధ్య ఇంత స్పష్టమైన లెక్క ఉన్న చోటు అరుదు. అన్నమయ్య కీర్తనలు రాగిరేకులకెక్కడానికి వెనక ఈ సంపద ఉంది.

చెల్లెలి చరిత్రకు రాగిరేకులు లేవు. అది వేషాల్లో బతికింది. కథ తెలిసిందే. ఒక పాలెగాడు ఆ ప్రాంతపు ఆడపిల్లలను చెరుస్తుంటాడు. గంగమ్మ వాడిని చంపబూనుతుంది, వాడు దాక్కుంటాడు. ఆమె మారువేషాల్లో వెతుకుతుంది. జాతరలో నేతవృత్తికి చెందిన కైకాలవారు ఆ వేషాలు కడతారు. బైరాగి వేషానికి జనం నామంసుద్ద పూసుకుంటారు, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు. చేత వేపమండలు, నోట బూతులు. ఇన్ని వేషాలు వేసినా పాలెగాడు బయటపడడు. దొర వేషంలో వచ్చినప్పుడే వాడు బయటికొస్తాడు, దొరకు మర్యాద చెయ్యాలి గనక. అప్పుడు తల తెగుతుంది.

ఇక్కడ ఆగి ఆలోచించాలి. పురాణంలోలాగా విలన్ రాక్షసుడు కాడు, పాలెగాడు. విజయనగర పాలనలో బలపడి, ఆ సామ్రాజ్యం కూలాక సీమలో పల్లెల మీద పెత్తనం చేసిన వర్గం పేరు అది. చిత్తూరు పాలెగాళ్లను కంపెనీ సైన్యం అణచింది 19వ శతాబ్దం మొదట్లో. ఫలానా పాలెగాడు నిజంగా ఉన్నాడా అని వెతకడం వృథాప్రయాస. బైరాగికీ తోటికీ కనపడని అధికారం తనకన్నా పెద్ద అధికారం ఎదురైతేనే వంగి నమస్కరిస్తుందని ఈ కథ కట్టినవాళ్లకు తెలుసు. అది అనుభవం నుంచి వచ్చిన జ్ఞానం.

అయితే జాతరను తిరుగుబాటుగా పొగిడేవాళ్లతో కూడా నేను ఏకీభవించలేను. దేవత ఒకరోజు తోటి రూపం ధరించింది. తోటి మాత్రం మిగతా ఏడాదంతా తోటిగానే ఉన్నాడు. అన్నగారి గుడిలోకి అడుగుపెట్టే హక్కు అతనికి 1947 నాటి మద్రాసు ఆలయప్రవేశ చట్టం వల్లనే వచ్చింది, చెల్లెలి మాట సాయం వల్ల కాదు. సారె సంగతీ అంతే. అది పుట్టింటి ఆప్యాయత, నిజమే. కానీ ఇచ్చేది కొండ, పుచ్చుకునేది ఊరు. వైష్ణవ వ్యవస్థ గ్రామదేవతను కాదనకుండా, పక్కన కూర్చోబెట్టకుండా, చుట్టాన్ని చేసుకుంది. బయటినుంచి చూసి సహనమని మెచ్చుకునే లక్షణంలో ఈ అంతస్తులు కూడా కలిసే ఉన్నాయి.

చివరి రాత్రి గుడిముందు మట్టితో అమ్మవారి విశ్వరూపం చేస్తారు. తెల్లవారుజామున దాని చెంప నరుకుతారు. ఆ మట్టిముక్క కోసం జనం ఎగబడతారు, ఇంటికి తీసుకెళ్లి మందుగా దాచుకుంటారు. మరుసటి ఏడు మళ్లీ కొత్త మట్టి తెచ్చి కలుపుతారు.